మా గల్లీకి పుట్టినరోజు ఎట్లా వచ్చింది?

మా గల్లీలో జరిగే పండుగలన్నిటిలో వయసులో చిన్నది పుట్టినరోజే. బతుకమ్మ, బోనాలు మా ముత్తాతల వెంట తెలంగాణ నుంచి వచ్చాయి. గణపతి ఉత్సవం ఇక్కడి మరాఠీ వాళ్ళ దగ్గర నేర్చుకున్నాం. రోడ్డు మీద టేబుల్ వేసి, ఐదేళ్ళ పిల్ల ముందు కేకు పెట్టి, ఇరుగుపొరుగు అందరినీ పిలవడం మాత్రం మా బాపు చిన్నప్పుడు కూడా లేదట. ఈసారి పత్రికకు చరిత్ర వ్యాసం రాయమని సాంఘిక శాస్త్రం టీచర్ అన్నప్పుడు తరగతిలో చాలామంది శివాజీ కోటలు, కాకతీయులు తీసుకున్నారు. నేను ఇది తీసుకున్నాను. కోటల మీద పుస్తకాలు దొరుకుతాయి. దీనికి మా నాయనమ్మ, బాపు, పైమాళా తాత చెప్పిన మాటలే ఆధారం. ఇంకొంత నేను చదివి తెలుసుకున్నది.

మొదట తేదీ సంగతి. పుట్టినరోజు చేయాలంటే పుట్టిన తేదీ ఉండాలి కదా. మా నాయనమ్మకు అది లేదు. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంది. కార్డు తీసేటప్పుడు వయసు మాత్రమే చెప్పిందట, తేదీ అడిగితే నవ్విందట. "రజాకార్ల గడబిడ అయిన ఏడు పుట్టిన్నంట. మా అవ్వ నన్ను సంకనేసుకొని జొన్నచేన్ల దాసుకున్నదంట" అంటుంది. అంటే 1948. ఆ ఏడు సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. జొన్నచేను మనిషిని దాచేంత ఎత్తు పెరిగేది కూడా ఆ రోజుల్లోనే. అప్పటికే సంకలో ఉందంటే అంతకు కొన్ని నెలల ముందు పుట్టి ఉంటుందని నేను లెక్క కట్టి చెప్పాను. "అయితే ఏంది?" అన్నది నాయనమ్మ.

పైమాళా తాత నాలుగో తరగతి దాకా చదివాడు. ఆయన కార్డులో జూన్ 1 ఉంది. బడి జూన్‌లో తెరుస్తారు కాబట్టి, తేదీ తెలియని పిల్లలకు మాస్టర్లు ఆ తేదీ రాసేసేవారట. నాకు అనుమానం వచ్చి మా చాల్‌లో ఏడుగురు పెద్దవాళ్ళ కార్డులు అడిగి చూశాను. నలుగురు జూన్ 1నే పుట్టారు! వాళ్ళందరికీ కలిపి ఒకే కేకు కోయవచ్చు.

తేదీ లేకపోయినా పిల్లలకు వేడుకలు ఉండేవి. ఇరవై ఒకటో రోజు తొట్టెల్లో వేసేవాళ్ళు. పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ రాజన్న దగ్గరికి పోయేవాళ్ళు. ఇవి ఒక్కోసారే వచ్చే పండుగలు, ఏడాదికోసారి తిరిగి వచ్చేవి కావు. సంక్రాంతికి చిన్నపిల్లల తల మీద మనవాళ్ళు భోగిపళ్ళు పోస్తారు. మరాఠీ వాళ్ళు కూడా అవే రేగుపళ్ళతో బోర్‌నహాణ్ అని చేస్తారు. మా చాల్ గ్యాలరీలో రెండూ ఒకే చాప మీద అయిపోతాయి. కింద పడ్డ చాక్లెట్లు ఏరుకునే పిల్లలకు అది ఏ భాష పండుగో అక్కర్లేదు.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అయితే మా ఇంట్లో తేదీతో, టైముతో సహా పుట్టిన మొదటి మనిషి మా బాపు. 1978లో ముంబై సెంట్రల్ దగ్గరి నాయర్ ఆసుపత్రిలో పుట్టాడు. ఆయన కంటే పెద్దవాళ్ళయిన ఇద్దరు మేనత్తలు నాయనమ్మ పుట్టింట్లో, ఊళ్ళో పుట్టారు. వాళ్ళ తేదీలు ఒకరిది "బోనాల ముందు", ఇంకొకరిది "పత్తి ఏరేటప్పుడు". అంటే మా ఇంట్లోకి పుట్టినరోజు కేకుతో రాలేదు, ఆసుపత్రి కాగితంతో వచ్చింది. ఇది నా సొంత అభిప్రాయం. టీచర్ ఒప్పుకుంటారో లేదో.

ఇక రోడ్డు మీద ఎందుకు చేస్తామన్న ప్రశ్న. దానికి మా పేట చరిత్రలోకి పోవాలి. బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. పోటు వచ్చినప్పుడల్లా సముద్రపు నీళ్ళు దీవుల మధ్య పల్లంలోకి వచ్చేవి. 1780లలో బ్రీచ్ కాండీ వైపు హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట కట్టి ఆ నీళ్ళను ఆపారు. ఎండిన నేలను పూడ్చుకుంటూ ఊరు పెరిగింది. మట్టి మోయడానికి, రాళ్ళు కొట్టడానికి, గోడలు కట్టడానికి నిజాం రాజ్యం నుంచి తెలుగువాళ్ళు వచ్చారు. వాళ్ళను ఇక్కడివాళ్ళు కామాటీలు అన్నారు. కామాటీలు ఉన్న చోటు కామాటిపుర అయింది. పేటకు ఇంత పేరు పెట్టారు గానీ వీధులకు పేర్లు పెట్టే ఓపిక ఎవరికీ లేకపోయినట్టుంది. ఒకటో గల్లీ, రెండో గల్లీ అని నంబర్లే. తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి, వాటి వెంట పద్మశాలీలు వచ్చారు. మా తాత బైకల్లాలోని ఖటావ్ మిల్లులో సాంచా నడిపేవాడు.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. ఇరుకు ఇళ్ళ వల్లే రోగం పాకుతోందని 1898లో ప్రభుత్వం ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పెట్టింది. ఆ ట్రస్ట్ మొదటి పథకమే నాగ్‌పాడాది. పాత ఇళ్ళు పడగొట్టి రోడ్లు వెడల్పు చేశారు. ఇల్లు మాత్రం పెద్దది కాలేదు. 1931 జనాభా లెక్కల నాటికి కూడా బొంబాయిలో నూటికి 74 మంది ఒక్క గది ఇళ్ళలోనే ఉన్నారు. 1947 అద్దె చట్టంతో అద్దెలు పాత రేట్ల దగ్గరే ఆగిపోయాయి. పేదవాళ్ళు ఊరి నడుమ ఉండగలిగారు గానీ ఇళ్ళ యజమానులు మరమ్మతులు మానేశారు. మా తాత తీసుకున్న ఖోలీలోనే మేము ఇప్పటికీ ఉన్నాం. పది అడుగులు ఇటు, పన్నెండు అడుగులు అటు. అందులోనే వంట ఓటా, మోరీ, మంచం, ఆరుగురు మనుషులు. ఇంట్లో పుట్టినరోజు చేస్తే కేకు పెట్టిన తర్వాత దాన్ని కోయడానికి ఒకరు, పాట పాడటానికి ఇద్దరు పడతారు.

ఇరుకు ఒక్కటే కారణమైతే ముంబైలో అన్ని ఇరుకు ఇళ్ళ వాళ్ళూ రోడ్డు మీదే చేయాలి కదా అని బాపుతో అన్నాను. ఆయన చెప్పింది నాకు బాగా నచ్చింది. మా వైపు రోడ్డు మీద పుట్టినరోజులు ఎప్పటినుంచో ఉన్నాయి, పిల్లలవి కాదు, పెద్దవాళ్ళవి. గోకులాష్టమికి దహీ హండీ కడతారు, అది కృష్ణుడి పుట్టినరోజు. మిలాద్ జులూస్ ప్రతి ఏడూ బైకల్లా ఖిలాఫత్ హౌస్ నుంచి బయలుదేరుతుంది, అది ప్రవక్త పుట్టినరోజు. ఆ రోజు నాగ్‌పాడా అంతా షర్బత్ పంచుతారు, మేము గ్లాసులు పట్టుకొని పోతాం. ఏప్రిల్ 14న డాక్టర్ అంబేడ్కర్ జయంతి. దాన్ని మొదటిసారి బహిరంగంగా జరిపింది 1928లో, పుణేలో జనార్దన్ సదాశివ్ రణపిసే అని చదివాను. అంబేడ్కర్ కూడా చాల్‌లో ఉన్న మనిషే. 1912 నుంచి 1934 దాకా పరేల్‌లో ఆయన ఉన్న చాల్, నాగ్‌పాడా రోడ్లు వెడల్పు చేసిన ఆ ట్రస్ట్ కట్టించిందే. జయంతి నాడు మా దగ్గర అర్ధరాత్రి పన్నెండింటికి కేకు కోస్తారు. మండపం, లైట్ల మాలలు, వర్గణీ, స్పీకర్, అందరికీ తిండి, ఇవన్నీ గల్లీకి ముందే అలవాటు. పిల్లల పుట్టినరోజు వచ్చి వాటిలో కూర్చుంది, అంతే.

ఇంకో సంగతి చదివి ఆశ్చర్యపోయాను. మనం కేకు ముందు పాడే పాట బాణీ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉన్న హిల్ అక్కాచెల్లెళ్ళది. 1893లో చిన్నపిల్లల బడి కోసం, పొద్దున పలకరించుకునే పాటగా అచ్చయింది. పుట్టినరోజు మాటలు తర్వాత వచ్చి చేరాయి. అదే 1893లో మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో, గిర్గావ్‌లోని కేశవ్‌జీ నాయక్ చాల్‌లో సార్వజనిక గణపతిని కూర్చోబెట్టారు. ఒకే ఏడు పుట్టిన ఆ రెండూ ఇప్పుడు మా గల్లీలో కలుస్తాయి. గణపతి మండల్ వాళ్ళ వెదుళ్ళ కింద నిలబడి మేము ఆ పాట పాడతాం.

బాపు చిన్నప్పటి పుట్టినరోజు అంటే పొద్దున తలస్నానం, నాయనమ్మ చేసిన శీరా, కాళ్ళు మొక్కడం. ఆయనకు మూడేళ్ళు ఉన్నప్పుడు, 1982 జనవరి 18న, దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది పని మానేశారు. ఆ సమ్మె గెలవలేదు. మా చాల్ నుంచి చాలా కుటుంబాలు ఊళ్ళకు పోయాయి. నాయనమ్మ బీడీలు చుట్టింది. ఆ ఏడు బాపు పుట్టినరోజుకు తాత గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర మెర్వాన్ బేకరీ నుంచి ఒకే ఒక్క మావా కేకు తెచ్చి నాలుగు ముక్కలు చేశాడట. మెర్వాన్ 1914లో మొదలైన ఇరానీ బేకరీ. "అదే నా మొదటి బర్త్‌డే కేక్" అంటాడు బాపు. క్రీము లేదు, కొవ్వొత్తి లేదు. మా చిన్నత్త ఏడో పుట్టినరోజు 1993 జనవరిలో కర్ఫ్యూ మధ్యలో పడింది. పాలు దొరకలేదు. గోడ అవతలి చాచీ తన పిల్లల కోసం దాచుకున్న పాలపొడి సగం గ్యాలరీ మీదుగా అందించింది. నాయనమ్మ ఈ రెండూ చెప్పేటప్పుడు మావా కేకు దగ్గర నవ్వుతుంది, పాలపొడి దగ్గర ఆగిపోతుంది.

బాపు లెక్క ప్రకారం గల్లీలో టేబుల్ వేసి కేకు కోసిన మొదటి పిల్ల ఒక టాక్సీ డ్రైవర్ కూతురు. తొంభైల చివర. తర్వాత ఒకరిని చూసి ఒకరు.

ఇప్పుడు పోయిన డిసెంబర్‌లో మా ఇంట్లో జరిగింది రాస్తాను. మా చెల్లెలు 2020లో, కరోనా నడుస్తున్నప్పుడు పుట్టింది. మనవాళ్ళలో మొదటి పుట్టినరోజు పెద్దగా చేస్తారు. దానిది చేయలేకపోయాం. ఆ బాకీ ఐదో పుట్టినరోజుకు తీర్చాలని అమ్మ అప్పుడే అనుకుంది. డిసెంబర్ కాబట్టి వాన భయం లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ లోపల పుట్టిన పిల్లలకు మా గల్లీలో తాడ్‌పత్రి కింద నీళ్ళు కారుతుండగా కేకు కోయడమే రాత. వాళ్ళను చూస్తే నాకు జాలి.

మండల్ అన్నలను అడిగితే జంపఖానాలు, ఎక్స్‌టెన్షన్ వైరు, స్పీకర్ ఇచ్చారు. కిరాయి లేదు, జంపఖానాలు ఉతికి ఇవ్వాలి. కుర్చీలు మాత్రం డెకొరేటర్ దగ్గర ఎనభై. కరెంటు మా మీటర్ నుంచే. ఆ రోజు మధ్యాహ్నం నుంచి బైకులు, హాత్‌గాడీలు పక్కకు జరపమని ఇంటింటికీ తిరిగి చెప్పడం నా పని. ఇదే అన్నిటికంటే కష్టం. ఒకాయన "రాత్రి తొమ్మిదికి బండి తీస్తా, అప్పుడు కుర్చీలు ఎత్తాలె" అని షరతు పెట్టాడు. స్పీకర్ ఎట్లాగూ పదింటికి ఆపాలి, 2000 సంవత్సరం నాటి శబ్ద నియమాలు ఉన్నాయి. తొమ్మిదిన్నరకు బేరం కుదిరింది.

అసలు గొడవ పిలుపు కార్డు దగ్గర వచ్చింది. చెల్లెలి బాల్వాడీ స్నేహితులు పన్నెండు మందికి కార్డులు ఇవ్వాలి. అడ్రసు దగ్గర అమ్మ "నాగ్‌పాడా అని రాయి, కామాటిపుర వద్దు" అన్నది. ఎందుకో మా గల్లీ పిల్లలందరికీ తెలుసు. ఉద్యోగం అప్లికేషన్లలో, పెళ్ళి సంబంధాల్లో మావాళ్ళు ముంబై సెంట్రల్ అని, నాగ్‌పాడా అని రాస్తారు. ఆ పేరు వినగానే జనం వేరే సంగతి అనుకుంటారు. 2022లో గంగూబాయి కాఠియావాడి సినిమా వచ్చినప్పుడు ఇక్కడివాళ్ళు కొందరు అభ్యంతరం చెప్పింది కూడా అందుకే. సినిమాలో చూపించింది లేదని నేను అనను. కొన్ని గల్లీల్లో అది ఉంది. ఆ ఆడవాళ్ళ పిల్లలు మా బళ్ళలోనే చదువుతారు. వాళ్ళ కోసం పనిచేసే ప్రేరణ సంస్థ 1986లో ఇక్కడే మొదలైంది. కానీ రెండు వందల ఏళ్ళుగా రాళ్ళు మోసినవాళ్ళ పేరును వాళ్ళ మనవలే కార్డు మీద రాయడానికి సిగ్గుపడాలంటే నాకు కోపం వస్తుంది. ఈ వ్యాసం కోసం అప్పటికే ఇదంతా చదివి ఉన్నాను, అందుకని కొంచెం గట్టిగానే మాట్లాడాను. అమ్మ నా మాట కొట్టిపారేయలేదు. "నువ్వు చెప్పేది నిజమే. కానీ బిడ్డ కూర్చున్న కుర్చీల పక్కన ఖాళీ కుర్చీలు నేను చూడలేను" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి బాపు పెన్ను తీసుకొని, గల్లీ నంబరు, కామాటిపుర, నాగ్‌పాడా, మూడూ వరుసగా రాశాడు.

పన్నెండు మందిలో ఐదుగురు వచ్చారు. ఇద్దరి తల్లులు ముందే ఫోన్ చేసి "హాల్‌లో పెట్టుకుంటే వచ్చేవాళ్ళం" అన్నారు. మిగతా వాళ్ళు ఏమీ చెప్పలేదు. వచ్చినవాళ్ళలో ఒక పాప నాన్న మొదట గల్లీ మూల దగ్గరే బైకు మీద ఆగిపోయాడు. పైమాళా తాత పోయి, చేయి పట్టుకొని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆయన తొమ్మిదిన్నర దాకా ఉండి, కుర్చీలు ఎత్తడంలో సాయం కూడా చేశాడు.

ఖాళీ కుర్చీలు ఎక్కడా కనపడలేదు. మా చాల్ పిల్లలు, ఎదుటి చాల్ పిల్లలు, ఎవరూ పిలవకుండా వచ్చిన పిల్లలు కలిసి యాభై మంది దాకా అయ్యారు. కేకు ముందు హారతి ఇచ్చారు. మరాఠీ వహినీ ఔక్షణ్ చేసి నుదుట కుంకుమ పెట్టింది. కొవ్వొత్తి ఊదే దగ్గర నాయనమ్మ ఎప్పటిలాగే అడ్డుపడింది. "పుట్టిన దినం దీపం ఆర్పుతరా ఎవరన్నా?" అని. మా గల్లీలో దీనికి ఒక పద్ధతి వచ్చేసింది. ముందు ప్రమిదలో దీపం వెలిగించి పక్కన పెడతారు, అది ఆరిపోదు. తర్వాత కొవ్వొత్తి ఎవరైనా ఊదుకోవచ్చు. కాగితం పళ్ళెంలో కేకు ముక్క, వేఫర్లు, సమోసా, ఒక గులాబ్ జామ్. పెద్దవాళ్ళకు బగారన్నం, కోడికూర. కోడి హలాల్‌ది తెచ్చారు, చాచీ వాళ్ళు తినాలి కదా. గురువారం మాంసం తినని ఇళ్ళు ఉన్నాయని ఆదివారం పెట్టుకున్నాం. ఇట్లాంటి లెక్కలన్నీ అమ్మకు రాయకుండానే గుర్తుంటాయి. చెల్లెలు మాత్రం సగం పార్టీకే నిద్రపోయింది. ఐదేళ్ళ బాకీ తీరుతుంటే అది కుర్చీలో నోరు తెరుచుకొని పడుకుంది.

ఇప్పుడు కామాటిపుర అంతా పడగొట్టి కొత్తగా కడతామంటున్నారు. మ్హాడా పథకం. సుమారు 34 ఎకరాలు, కిరాయిదారులకు 500 చదరపు అడుగుల ఇల్లు అని చెప్పారు. అమ్మకు ఇది కావాలి. సొంత బాత్రూమ్ లేకుండా నలభై ఏళ్ళు దాటిన మనిషి ఆమె. పొద్దున లైనులో నిలబడేవాళ్ళం మేమందరం, నాకూ కావాలి. పాత గల్లీ చాలా అందంగా ఉంటుందని రాసేవాళ్ళు వానాకాలంలో వచ్చి ఒక వారం మా పైమాళాలో ఉండాలి. కానీ ఇరవై, ముప్పై అంతస్తుల పైన ఉంటే ఎవరూ పిలవని పిల్లలు లిఫ్టు ఎక్కి ఎట్లా వస్తారో నాకు తెలియడం లేదు. వాచ్‌మన్ వాళ్ళను పైకి పంపుతాడా? మెర్వాన్ కేకు నాలుగు ముక్కలు చేసిన ఖోలీ కంటే 500 అడుగులు నాలుగింతలు పెద్దది. అందులో మనుషులు కూడా నాలుగింతలు పడతారా అని బాపును అడిగాను. "పడతరు, కానీ తలుపు ఉంటది కదా" అన్నాడు.

మండల్ వాళ్ళు ప్రశ్నలు రాసి ఇవ్వమంటే అందరూ పార్కింగ్ గురించి, మెయింటెనెన్స్ ఖర్చు గురించి రాశారు. బాపు ఆ రెండూ రాసి, కింద మూడోది రాశాడు: కింద ఖాళీ జాగా ఎంత వదులుతారు, అందులో సాయంత్రం పూట కుర్చీలు వేసుకోనిస్తారా? జవాబు ఇంకా రాలేదు. ఎదుటి చాల్‌లో ఒక బాబుకు మార్చిలో ఏడాది నిండుతుంది. వాళ్ళు నిన్ననే వచ్చి మా లైట్ల మాలలు తీసుకుపోయారు.